రిపేరుకు రాని నల్లపెట్టె

"అన్నా, వీడియో గేముల్లో ఏ మిషను ఎక్కువకాలం ఆడతాది?"

ముప్పై ఏళ్లకు పైగా ప్రొద్దుటూరులో మెకానిక్‌గా పనిచేసిన నన్ను జనం ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే. టీవీ కొనేవాళ్లు బొమ్మ బాగుందా అని చూసుకునేవారు. టేప్ రికార్డర్ కొనేవాళ్లు పాట బాగుందా అని వినేవారు. గేమ్ మిషను మాత్రం తల్లిదండ్రులు ఇష్టం లేకుండా కొనే వస్తువు. కాబట్టి, కొనక తప్పదు, కనీసం రెండోసారి కొనే బాధ ఉండకూడదు అన్నది వాళ్ల ఆరాటం.

రిటైరై ఇంట్లో కూర్చున్నా ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. ఇప్పుడు నేను వెంటనే జవాబు చెప్పను. ఎక్కడ పెడతారు, రోజుకు ఎంతసేపు ఆడతారు, పైన ఏం కప్పుతారు అని ఎదురు ప్రశ్నలు వేస్తాను. ముసలాయనకు చాదస్తం ముదిరిందనుకుంటారు. అనుకోనివ్వండి. ఒకప్పుడు నేనూ అడిగిన మరుక్షణమే తీర్పు చెప్పేవాణ్ణి. ఆ తీర్పుల్లో ఒకటి జమ్మలమడుగులో ఒక ఇంటాయన్ని దాదాపుగా కువైట్ విమానం ఎక్కించింది. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఆ సంగతి తెలుసుకోవాలి. నా పరువు కాస్త పోయే సంగతే. అయినా నా చేతి పని మీద నాకు నమ్మకం ఉంది కనుక ధైర్యంగానే చెబుతున్నాను.

నేను పనిచేసింది ఒక ఎలక్ట్రానిక్స్ షాపు వెనకగదిలో. ముందుభాగంలో అమ్మకాలు, వెనక నేను, నా బల్ల, నా సోల్డరింగ్ ఐరన్. మధ్యలో కౌంటరు దగ్గర ఒకావిడ ఉండేది. వచ్చిన వస్తువును తీసుకుని, దానికున్న జబ్బు ఏమిటో అడిగి చీటీ రాసి, దారంతో కట్టి నా దగ్గరికి పంపడం ఆవిడ పని. నాకంటే పదేళ్లు చిన్నది. నన్ను "అన్నా" అని పిలిచేది గానీ, ఆ పిలుపులో మర్యాద పాలెంతో వెటకారం పాలెంతో పాతికేళ్లయినా నాకు తేలలేదు.

ఈ సంగతి రాష్ట్రం విడిపోయిన కొత్తలో జరిగింది. అప్పటికి మా ప్రాంతంలో రెండు రకాల గేమ్ మిషన్లు నడుస్తున్నాయి. కంపెనీల పేర్లతో మాకు పని లేదు. ఒకదాన్ని తెల్లది అనేవాళ్లం. దాని పైమూత ఎత్తి డిస్కు పెట్టాలి. చూడటానికి నాజూకు, చవకబారు ప్లాస్టిక్కు. రెండోది నల్లది. ముందున్న సందులో డిస్కు పెడితే తనే లోపలికి లాక్కునేది. బరువుగా, హుందాగా, బ్యాంకు మేనేజరు బల్ల మీద పెట్టదగ్గట్టుగా ఉండేది. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు రెండు రగ్గుల మధ్య చుట్టి దాన్ని తెచ్చేవాళ్లు.

తెల్లది నా బల్ల మీదకు రాని వారం లేదు. లెన్సు పోయిందనో, మూత విరిగిందనో, బటన్ లోపలికి దిగబడిందనో ఏదో ఒకటి. నల్లవి ఏడాదికి మూడో నాలుగో వచ్చేవి. అవి కూడా డిస్కు ఇరుక్కుపోవడం వంటి చిన్న చిన్న జబ్బులతో. నాకో అలవాటు ఉండేది. బాగుచేసిన ప్రతి వస్తువు జబ్బునూ ఒక నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ప్రొద్దుటూరులో అలా రాసుకునే మెకానిక్ ఇంకొకడు లేడని నాకు గర్వం. ఎవరైనా వచ్చి ఏది గట్టిదని అడిగితే ఆ పుస్తకం తెరిచి చూపించేవాణ్ణి. తెల్లదానికి పేజీలకు పేజీలు. నల్లదానికి అర పేజీ. ఇక మాట్లాడేదేముంది? పులివెందుల నుంచీ ముద్దనూరు నుంచీ కూడా నా మాట కోసం వచ్చేవాళ్లు. కళ్లు నెత్తికెక్కడానికి అంతకంటే ఏం కావాలి?

ఒక డిసెంబరులో జమ్మలమడుగు నుంచి ఒకతను వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. పన్నెండేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. రెండేళ్లకోసారి వచ్చి, రెండు నెలలుండి, మళ్లీ వెళ్లిపోవడమే అతని సంసారం. మేము అతన్ని కువైట్ భాయ్ అనేవాళ్లం.

"అన్నా, ఈసారి పోగూడదనుకుంటాండా," అన్నాడు స్టూలు మీద కూర్చుంటూనే. "ఇంటి ముందరి గది ఖాళీగానే ఉండాది. ఆరు మిషన్లు పెట్టి గేమ్ హాలు తెరుద్దామని. మా ఊరి పిల్లోళ్లు బస్సెక్కి ప్రొద్దుటూరొచ్చి ఆడి పోతాండారు. ఏ మిషను తీసుకోవాల్నో నువ్వు చెప్పు. నువ్వు చెప్పిందే తీసుకుంటా."

అతనికొక గడువుంది. కువైట్ దాటి ఆరు నెలలు బయట ఉంటే అక్కడ నివసించే అనుమతి రద్దవుతుంది. దాన్ని మావాళ్లు అకామా అంటారు. మే నెలాఖరుకు అతనికి ఆరు నెలలు నిండుతాయి. ఆలోగా హాలు నిలదొక్కుకుంటే ఇక్కడే ఉండిపోతాడు. లేకపోతే గడువు లోపలే విమానం ఎక్కాలి. గడువు దాటాక హాలు మూతపడితే ఇక్కడా పని లేదు, అక్కడా పని లేదు.

"తొమ్మిదేళ్ల పాప ఉండాదన్నా నాకు," అన్నాడు. "నేనొచ్చినకాడ్నించి పొద్దున్నే లేస్తానే ఒకటే అడుగుతాది, ‘ఎప్పుడు పోతావ్?’ అని. పోవద్దని అనదు. ఏడ్చదు. బస్సు టైము అడిగినట్టు అడుగుతాది, అంతే. అది ఏడ్చినా బాగుండునన్నా."

నేను నోటుబుక్కు తెరిచాను. తెల్లదాని పేజీలన్నీ తిరగేసి చూపించాను. నల్లదాని అర పేజీ చూపించాను. "కళ్లు మూసుకుని నల్లది కొను భాయ్. ఏనుగు మాదిరి పడుంటాది," అన్నాను.

కౌంటరు దగ్గర నుంచి ఆవిడ గొంతు వినబడింది. "అన్నా, ఒక మాట..."

"నువ్వు చీటీ రాయి తల్లీ," అన్నాను. ఆవిడ చీటీ రాసింది.

వెళ్లిపోతున్నవాణ్ణి పిలిచి ఇంకో సలహా కూడా ఇచ్చాను. జమ్మలమడుగు పక్కన నాపరాళ్లు కోసే, పాలిష్ పట్టే చోట్ల నుంచి రోజంతా లారీలు తిరుగుతుంటాయి. ఆ దుమ్ము పిండిలా సన్నగా ఉంటుంది. కిటికీ మూసినా వస్తుంది. "మిషన్లకు దుమ్ము విషం భాయ్. బాగా కప్పి పెట్టు," అన్నాను. అడగకుండా ఇచ్చిన సలహా కాబట్టి అది మరీ గొప్పదనిపించింది నాకు.

అతను కువైట్‌లోని స్నేహితులకు ఫోన్లు చేశాడు. సెలవుల మీద వచ్చే ఆరుగురు ఆరు నల్ల మిషన్లు తెచ్చారు. ఫిబ్రవరిలో హాలు తెరిచాడు. నేనూ వెళ్లాను. సేమియా పెట్టారు. పిల్లలు వాకిట్లో వరస కట్టి ఉన్నారు. అతని భార్య బట్టలు కుడుతుంది. జమ్మలమడుగులో ఆమె చేతి కుట్టుకు మంచి పేరుంది. మన ఇళ్లలో టీవీకీ, ఫ్రిజ్జుకూ, మిక్సీకీ బట్ట తొడగడం ఎప్పటి నుంచో ఉన్న ముచ్చటే కదా. ఆమె ఆరు మిషన్లకూ మెరూన్ రంగు వెల్వెట్ కవర్లు కుట్టింది. అంచుకు జరీ. డిస్కు పెట్టేచోట చక్కగా కత్తిరించి మడిచి కుట్టిన సందు. వైర్లకు చొక్కా గుండీలకు కుట్టినట్టుగా చిన్న చిన్న కాజాలు. మిషన్లు ఆడుతుంటే కూడా ఒంటి మీద నుంచి కవరు తీయాల్సిన పని లేదు.

"ఎట్లుండాయన్నా?" అని అడిగింది.

"పెళ్లికూతుళ్ల మాదిరి ఉండాయి," అన్నాను. కుట్టు చూసి మెచ్చుకున్నాను గానీ, ఒక్కదాన్నయినా వెనక్కి తిప్పి చూడలేదు.

రెండు నెలలు బాగా నడిచింది. ఏప్రిల్లో ఎండలు ముదిరాయి. ఒకనాడు ఫోన్ వచ్చింది, ఒక మిషను ఆగిపోయిందని. వేడెక్కి ఉంటుంది, కాసేపు ఆపమన్నాను. వారానికి రెండోది. తర్వాత పరీక్షలు అయిపోయి పిల్లలందరూ హాలు మీద పడిన మొదటి రోజున, మధ్యాహ్నం రెండు గంటల లోపల మూడు. ముందు లైటు ఎర్రగా వెలగడం, తర్వాత ఏం చేసినా ఉలకకపోవడం. "అన్నా, ఒక్కటే మిగిలింది," అన్నాడు కువైట్ భాయ్. గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది.

స్క్రూడ్రైవర్ల సంచి తీసుకుని బస్సెక్కాను. హాల్లో పిల్లలెవరూ లేరు. చచ్చిన మిషను కవరు విప్పబోతే వెల్వెట్ ఇంకా వెచ్చగానే ఉంది. వెనక్కి తిప్పాను. నల్లదానికి ఊపిరి వెనక నుంచే. లోపలి ఫ్యాను వేడి గాలిని అటు నుంచే బయటికి తోస్తుంది. వైర్ల దగ్గర కాజాలు ఉన్నాయి గానీ, ఫ్యాను దగ్గర బట్ట నిండుగా మూసి ఉంది. పెట్టె విప్పితే లోపల సన్నటి రాతి దుమ్ము ఫ్యాను రెక్కలకు అట్టగట్టి ఉంది. పైనుంచి కప్పినా కింది సందుల్లో నుంచి దుమ్ము లోపలికి పోయింది. వేడికి మాత్రం బయటికి దారి లేకపోయింది. బోర్డు మీద పెద్ద చిప్పు కింద టంకం అతుకులు వేడికి చిట్లిపోయాయి.

నాకు ఒళ్లు మండింది. "ఎవరమ్మా ఈ బట్ట ఇట్ల కుట్టమన్యది? ఊపిరాడకుండా సంపినారు గదా!" అని అరిచాను.

ఆమె నా వైపు చూసింది. తగ్గలేదు. "నువ్వే గదన్నా బాగా కప్పమన్యావు. ఆ రోజు చూసి పెళ్లికూతుళ్లు అన్యావు. ఊపిరి యాడ తీసుకుంటాదో చెప్పినావా?"

చెప్పలేదు. నేను కప్పమన్నది ఆపిన తర్వాత. అది నాకు తెలుసు. ఆమెకెట్లా తెలుస్తుంది?

కవర్ల సంగతి అలా ఉంచితే, అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి నా చేతి కింద బయటపడింది. అయిదు మిషన్లూ విప్పి చూశాను. ఒక్కదాన్నీ లేపలేకపోయాను. ఆ చిప్పును తీసి అతికించే పనిముట్టు నా దగ్గర లేదు. ఆ జబ్బునే నేను అంతకు ముందు చూడలేదు. అర పేజీ నల్లదాని చరిత్రలో అది లేదు. "ఇవి నా చేత కావు భాయ్," అన్నాను. పాతికేళ్లలో ఒక గిరాకీతో ఆ మాట అనడం నాకు అదే మొదటిసారి.

అప్పుడు పాప వీధిలో నుంచి లోపలికొచ్చింది. విప్పి పరిచిన మిషన్లను చూసింది. వాళ్ల నాన్న వైపు తిరిగి, "ఎప్పుడు పోతావ్?" అని అడిగింది.

"మేలో పోతాలే," అన్నాడతను.

పాప తలూపి లోపలికి వెళ్లిపోయింది. నేను సంచి సర్దుకుని బస్టాండుకు నడిచాను. దారి పొడవునా తల ఎత్తలేకపోయాను.

మర్నాడు షాపులో కౌంటరావిడకు జరిగిందంతా చెప్పాను. ఆవిడ చీటీలు పక్కన పెట్టి విన్నది. "ఆ రోజు నువ్వు చెప్పనియ్యని మాట ఇప్పుడు చెప్పనా అన్నా?" అన్నది.

"చెప్పు."

"నీ పుస్తకంలో ఉండేవన్నీ నీకాడికొచ్చినయి. రానియి ఎన్నో నీకెట్ల తెలుస్తాది? నల్లది గట్టిదై రాలేదా, సచ్చిపోయి రాలేదా? ఆసుపత్రికి రానోళ్లంతా ఆరోగ్యంగా ఉండారని డాక్టరు అనుకుంటే ఎట్ల?"

"రానివి ఎట్ల లెక్క పెడతాం తల్లీ?"

ఆవిడ డ్రాయరు లాగి చీటీల కట్ట తీసింది. "మిషను రాకపోయినా దాని రిమోట్ వస్తాది గదా."

తెల్లదానికైనా నల్లదానికైనా పిల్లలు చేత్తో పట్టుకుని ఆడే రిమోట్ ఒకటుంటుంది. ఓడిపోయినప్పుడల్లా దాన్ని నేలకేసి కొడతారు. అందుకే ప్రతి ఇంటి రిమోటూ ఎప్పుడో ఒకప్పుడు మా షాపుకు వచ్చి తీరేది. పది నిమిషాల పని అని నేను వాటిని పుస్తకంలో ఎక్కించలేదు. ఆవిడ మాత్రం ప్రతి దానికీ చీటీ రాసింది, పేరూ ఊరూ ఫోన్ నంబరుతో. ఎవరింట్లో ఏ మిషనుందో ఆ చీటీల్లో ఉంది. చూస్తే మా ప్రాంతంలో నల్లవి నేననుకున్నంత తక్కువేమీ కావు.

వరసగా రెండు ఆదివారాలూ, మధ్యలో దొరికిన సాయంత్రాలూ ఆ చీటీలు పట్టుకుని తిరిగాను. ప్రొద్దుటూరులో బంగారం పని చేసేవాళ్లింట్లో నల్లది ఇన్వర్టర్ కింద పీటగా ఉంది. "ఎర్రలైటు వచ్చి ఆగిపోయిందప్పా. బరువుగా ఉండాదని దీని కింద పెట్టినాం," అన్నారు. ఇంకో ఇంట్లో అటక మీద, పాత పుస్తకాల వెనక. ఇంకో ఇంట్లో అది పోయి రెండేళ్లయింది. రిపేరుకు ఎందుకు తేలేదని అడిగితే ఇంటాయన నన్ను వింతగా చూశాడు. "అంత పెద్ద మిషను నీ చేత యాడయితాదని?" అన్నాడు. కొందరు బెంగళూరు పంపారు. ఎక్కువమంది వదిలేశారు. అటకల మీద ఒక్కోటి చూస్తున్నకొద్దీ నా అర పేజీ నాకే ఎగతాళిగా తోచింది.

తెల్లవి ఎలా ఉన్నాయో కూడా చూశాను. పులివెందుల అవతల గొర్రెలు కాసే వాళ్లింట్లో ఒక తెల్లది ఉంది. నాలుగుసార్లు నా బల్ల ఎక్కినది. నోటుబుక్కులో దాని పక్కన "పనికిరాని సరుకు" అని రాసి పెట్టుకున్నాను. మూత కొక్కెం ఎప్పుడో విరిగిపోయింది. మూత మీద అరచేతిలో పట్టేంత బండముక్క పెట్టి ఆడుకుంటున్నారు. వేడిగాలి రెండు పక్కల నుంచీ బయటికి పోతోంది. పక్కనే కూర్చుని పప్పు చెరుగుతున్న అవ్వను, ఎన్నాళ్ల నుంచి ఆడుతోందని అడిగాను.

"నా పెద్దమనవడు ఆడినాడు, వాని తమ్ముడు ఆడతాండాడు," అన్నది. "మూత విరిగినా పని మానలేదు నాయనా. నువ్వు బాగు జేస్తాండావు, అది ఆడతాండాది."

ఆ మాటతో నా నోటుబుక్కు తలకిందులైంది. పేజీలకు పేజీలు నిండింది తెల్లది నాసిరకమై కాదు. చెడినప్పుడల్లా బాగయి ఇంటికి పోయి, మళ్లీ అరిగిపోయేదాకా ఆడి, మళ్లీ వచ్చింది కాబట్టి. నల్లది ఒక్కసారే చచ్చేది. నా దగ్గరికి రావాల్సిన అవసరం కూడా లేకుండా చచ్చేది. గట్టి మిషను ఏదో ఏళ్ల తరబడి నా కళ్ల ముందే ఉంది. దాన్నే నేను తిట్టిపోశాను.

షాపు ఓనరుకు సంగతి చెప్పి, జమ్మలమడుగు వెళ్లి తప్పు ఒప్పుకుంటానన్నాను. "గిరాకీ ముందర తప్పు ఒప్పుకుంటే షాపు పరువేం గావాలప్పా?" అన్నాడు. "పరువు పోతే నాతోనే పోతాది. షాపు నిలబడతాది," అని సెలవు చీటీ ఆయన బల్ల మీద పెట్టి వెళ్లాను.

కువైట్ భాయ్ అప్పటికే టికెట్టు తీసుకున్నాడు, మే చివరి మంగళవారానికి. "నేను చెప్పింది తప్పు భాయ్," అన్నాను. "తెల్లది కొనాల్సింది. నాకు తెలిసినట్టు మాట్లాడినా గానీ నాకు తెలీదు."

"ఇప్పుడు తెలుసునా అన్నా?" అన్నాడు.

"ఇప్పుడు తెలుసు. నాకొక ఇరవై రోజులు ఇయ్యి."

అతని భార్య లోపలి నుంచి ఒక కవరూ, బట్టల మీద గీసే సుద్దముక్కా తెచ్చి నా ముందు పెట్టింది. "ఊపిరి యాడ తీసుకుంటాదో గీత గీయన్నా," అన్నది. నేను గీశాను. ఆమె తన చేత్తో కుట్టిన వెల్వెట్‌ను తనే కత్తిరించి, ఆ చోట దోమతెర బట్ట వేసి కుట్టింది. ఇవి ఆపిన తర్వాత తొడిగేవి, ఆడేటప్పుడు తీసేయాలి అని ఈసారి విడమరచి చెప్పాను. ఆమె ఆ మాట నాచేత రెండుసార్లు చెప్పించుకుంది.

చీటీలు పట్టుకుని తిరిగిన ఇళ్లలోనే, పిల్లలు హాస్టళ్లకు వెళ్లిపోయి తెల్లవి ఖాళీగా పడున్నవి నాలుగు ఉన్నాయి. ఒకరికి మిక్సీ బాగుచేసిచ్చి, ఒకరికి పాత రేడియో పాడించి, ఒకరికి రెండు ఫ్యాన్లు బిగించి, ఆ నాలుగూ తెచ్చుకున్నాను. నాలుగోదానికి ఏమీ అడగలేదు. పెద్దముడియంలో ఒక టీచరమ్మ ఊరికే ఇచ్చింది. మరీ అరిగిన మూడింటికి లెన్సులు మార్చాను. విరిగిన మూతలకు కొత్త కొక్కేలు దొరకలేదు. జమ్మలమడుగులో బండముక్కలకేం కరువు? మూతకొకటి పెట్టాం. నల్లవాటిలో ఒకటి బతికే ఉంది కదా, దాన్ని విప్పి దుమ్ము దులిపి వెనక ఒక చిన్న టేబుల్ ఫ్యాను పెట్టాను. మొత్తం అయిదు.

టికెట్టుకు రెండు రోజుల ముందు ఆదివారం హాల్లో ఫుట్‌బాల్ గేమ్ పోటీ పెట్టాడు. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా, ఆపకుండా. "ఈ ఎండలో ఆ ఎనిమిది గంటలు మిషన్లు నిలబడితే టికెట్టు రద్దు జేస్తా. నిలబడకుంటే మంగళవారం పోతా. నీ మీద కోపం లేదన్నా," అన్నాడు. ఆ రోజు పాప పొద్దున్నే ఎప్పటిలాగే అడిగిందట. సాయంత్రం చెబుతానన్నాడట.

జమ్మలమడుగుతో పాటు ప్రొద్దుటూరు నుంచీ పిల్లలు వచ్చారు. నేను మిషన్ల వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాను. జ్వరం చూసినట్టుగా ఒక్కోదాని మీదా అరచెయ్యి పెట్టి చూడటం, దుమ్ము పడితే బ్రష్షుతో దులపడం, అంతే పని. బయట రేకులు కాలుతున్నాయి. పన్నెండున్నరకు నల్లదాని మీద ఎర్రలైటు వెలిగింది. కువైట్ భాయ్ నా వైపు చూశాడు. దాని సంగతి నాకు ముందే తెలుసు కనుక నేను కంగారు పడలేదు. తీసి పక్కన పెట్టి, "నాలుగుండాయి, ఆడండి," అన్నాను.

మూడు గంటలకు సెమీఫైనల్లో ఒక తెల్లది బొమ్మ మీద బొమ్మ పడి ఆగిపోయింది. ఇది నా జబ్బు. ఏళ్ల తరబడి నేను చూస్తున్న జబ్బు. అందరి ముందూ మూత తీశాను. నేను మార్చకుండా వదిలిన లెన్సే అరిగిపోయింది, మార్చాలి. సంచిలో చెయ్యి పెడితే కొత్త లెన్సు లేదు. బల్ల మీదే మరిచిపోయి వచ్చాను.

అప్పుడే వాకిట్లో చెప్పులు విప్పుతూ మా కౌంటరావిడ కనిపించింది. ఆదివారం, సెలవు, ఎవరూ రమ్మనలేదు. చేతి సంచిలో నుంచి కాగితంలో చుట్టిన లెన్సు తీసి నాకిచ్చింది.

"మర్చిపోతావని నాకు తెలుసన్నా. పొద్దున షాపు తాళాలు ఇప్పించుకుని చూస్తే బల్ల మీదే ఉండాది. రెండు బస్సులు మారి వచ్చినా. దీనికి చీటీ రాయాల్నా?"

పన్నెండు నిమిషాల్లో లెన్సు మార్చాను. మూత మూసి బండముక్క పెట్టాను. బొమ్మ వచ్చింది. పిల్లలు హాలు ఎగిరిపోయేట్టు అరిచారు. నా చేతులు వణకలేదని మాత్రం చెప్పుకోగలను. అవి ఎప్పుడూ వణకలేదు. తప్పు చేసింది నోరే.

ఆరు గంటలకు ఫైనల్ ముగిసేసరికి నాలుగు తెల్లవీ ఆడుతూనే ఉన్నాయి. కువైట్ భాయ్ ఫోన్ తీసుకుని వీధిలోకి వెళ్లాడు. ఎవరితోనో నాలుగు మాటలు మాట్లాడి తిరిగొచ్చాడు. వంగి పాప చెవిలో ఏదో చెప్పాడు. భార్య వైపు చూసి నవ్వాడు. ఆమె కవర్లు తెచ్చి, ఒక్కో మిషనునూ చెయ్యి పెట్టి చూసి, చల్లారిన తర్వాతే ఒక్కోటీ తొడగడం మొదలుపెట్టింది.

నేను అలసిపోయి బెంచీ మీద కూలబడ్డాను. పాప వచ్చి నా ఎదురుగా నిలబడింది. పొద్దుటి నుంచీ కదలకుండా వాళ్ల ఇంట్లోనే ఉన్న ఈ మనిషి ఎవరో తేల్చుకోవాలన్నట్టు నన్ను ఎగాదిగా చూసింది.

"తాతా, నువ్వెప్పుడు పోతావ్?"

"ఆరున్నర బస్సుకు పోతానమ్మా," అన్నాను.

పాప సరేనని తలూపింది. వాళ్ల నాన్న పక్కనే నిలబడి ఉన్నాడు. అతన్ని అడగలేదు.